బోడి గట్టు

మా చెరువు గట్టు మీద ఒక్క చెట్టు లేదు. గరిక తప్ప ఇంకేదీ మొలవనివ్వను. నందివాడ ఆటోవాళ్ళు నన్ను చూడగానే "బోడి గట్టు దగ్గర ఆపాలా అండీ?" అని అడుగుతారు. ఆపమంటాను. సిగ్గెందుకు? చేయించింది నేనే. చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద కొబ్బరిచెట్లు వరసగా నిలబడి ఉంటాయి, పెళ్ళి ఫొటోలవాళ్ళు కూడా వచ్చి తీసుకుంటారు. మా గట్టు దగ్గర ఎవరూ ఫొటో దిగరు. నాకొచ్చిన నష్టమేమీ లేదు.

మా తమ్ముడికి మాత్రం అది పెద్ద నష్టం. ఆ గట్టు గురించే వాడికీ నాకూ మాటల్లేకుండా పోయాయి. మా మేనత్త అయితే కనిపించిన ప్రతివాళ్ళకీ "పిల్లల్ని నరికించింది మహాతల్లి" అని చెప్పేది. నా నోరు మంచిది కాదని ఊళ్ళో అందరికీ తెలుసు కాబట్టి, నా వైపు కథ ఎవరూ అడగలేదు. అడక్కపోయినా చెబుతాను.

మా దగ్గర చేపల చెరువంటే నేలలో తవ్విన గుంట అనుకుంటారు బయటివాళ్ళు. కాదు. వరిచేలో పైమట్టి గీకి, ఆ మట్టినే చుట్టూ గోడలా పోసి, మధ్యలో నీళ్ళు పెడతారు. అంటే నీళ్ళు చాలావరకు నేలకి పైనే ఉంటాయి. గట్టు కింద నిలబడితే చెరువు మన తల మీద ఉన్నట్టే, అడ్డం ఉన్నది మట్టొక్కటే. సర్కారు కాలవ గట్టయితే చూడ్డానికి ఇంజినీరున్నాడు, కాపలాకి లస్కరున్నాడు. సొంత చెరువు గట్టుని ఎవరు చూస్తారు? సొంతదారే చూసుకోవాలి. వాడు పొద్దున లేస్తే చేప మేత తిన్నదా లేదా అని చూస్తాడు గానీ, గట్టు ఎలా ఉందని ఏనాడైనా చూశాడా!

మా నాన్న కూడా చూడలేదు. ఉన్న వరిచేనంతా ఆయనే చెరువు చేశాడు. పడమటి గట్టు కిందే మా పేట. ఆ వరస ఇళ్ళ పెరళ్ళు గట్టు అడుగుని ఆనుకునే ఉంటాయి. ఇక మా నాన్నకొక అలవాటుండేది. మా ఇంట్లో పిల్లో పిల్లవాడో పుడితే బొడ్డుతాడు తెచ్చి పడమటి గట్టు మీద పాతి, దాని మీద కొబ్బరి మొక్క పెట్టేవాడు. మొక్క ముందు మోకాళ్ళ మీద నిలబడి ప్రార్థన కూడా చేసేవాడు. ఆ చెట్లకి పిల్లల పేర్లే. మా అబ్బాయికి జ్వరమొస్తే మా మేనత్త ముందు గట్టు మీదకి వెళ్ళి వాడి చెట్టు మొవ్వు వాడిందేమో చూసొచ్చి, తర్వాత వాడి ఒళ్ళు పట్టుకు చూసేది. అంత నమ్మకం.

నాన్న పోయాక చెరువు తమ్ముడికీ నాకూ కలిపి వచ్చింది. తమ్ముడు బందరులో ఉంటాడు, గిలకలదిండి బోట్లకి ఐసు సరఫరా చేస్తాడు. నేను గుడివాడలో నర్సుగా చేసి రిటైరై ఊరికొచ్చేశాను. చెరువు లీజుకిచ్చాం. ఏదైనా అవసరమొచ్చినప్పుడే గట్టెక్కేవాళ్ళం. నేనూ అంతే, గాలి పీల్చుకోడానికి సాయంత్రం నాలుగడుగులు నడిచేదాన్ని తప్ప, కింద ఏముందని వంగి చూసిన పాపాన పోలేదు.

తుఫాను గాలి కొట్టిన ఒక ఉదయం పక్క ఊరి చెరువుకి గండి పడిందని కేక వినపడింది. నేనూ పరిగెత్తాను. వెళ్ళి చూద్దును కదా, ఊరు ఊరంతా చేపలు పడుతోంది! దోమతెరలు, బిందెలు, పాత చీరలు, ఆఖరికి ఒకాయన కొడుకు స్కూలు బ్యాగుతో దిగాడు. రోడ్డు మీద బొచ్చె చేపలు ఎగురుతున్నాయి. గట్టు కింద ఇల్లు ఒక పక్క గోడ కూలిపోయి, ముసలావిడ మంచమెక్కి నిలబడి దేవుణ్ణి పిలుస్తోంది. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకి నిప్పడిగాడట ఇంకొకడు. "సిగ్గు లేదట్రా మీకు, ముందు ఆవిణ్ణి దింపండి!" అని నేనరిస్తే, ఒకడు నా వైపు చూసి "మీకూ రెండు పడేస్తాలే అమ్మగారూ" అన్నాడు. నేనూ ఇంకో ఆడమనిషీ కలిసి ఆవిణ్ణి దింపాం. ఆ రోజు మధ్యాహ్నం ఆ ఊళ్ళో ఏ సందులోకి వెళ్ళినా చేపల పులుసు వాసనే.

నీళ్ళు తీశాక గండి దగ్గరికి వెళ్ళి చూశాను. గాలికి కొబ్బరిచెట్టు ఒకటి కూలింది. కూలినది ఊరికే కూలలేదు, వేళ్ళు పట్టుకున్న మట్టంతా పెళ్ళగించుకుని పోయింది. గట్టు సగం మందం చెట్టుతోపాటే లేచిపోతే, మిగతా సగం నీళ్ళు చూసుకున్నాయి. పక్కనే ఎప్పుడో కొట్టేసిన ఇంకో చెట్టు మొద్దు ఉంది. అది లోపల కుళ్ళి, మట్టిలో బోలుగా ఉంది. చుట్టూ ఎండ్రకాయల బొరియలు. చెట్టు వేళ్ళే గట్టుకి బలమని పుట్టినప్పటినుంచీ వింటున్నాను. నాకు ఒళ్ళు మండింది. ఇన్నాళ్ళూ ఈ మాట చెప్పినవాళ్ళలో ఒక్కడైనా ఒక్క చెట్టు పీకి చూశాడా?

ఇంటికొచ్చి మా గట్టు అడుగు చూడ్డం మొదలుపెట్టాను. పైన కాదు, కింద, పెరళ్ళ వైపు.

గట్టుకి బాగా దగ్గరగా ఉన్న ఇల్లు ఒక కుట్టుమిషను ఆవిడది. చుట్టరికం లేదుగానీ ఆవిడ నన్ను వదినా అంటుంది, నాకు ఆవిడ మరదలే. వాళ్ళమ్మాయి పురిటికి వచ్చి ఉంది, తొలి కాన్పు. వెనక గదిలో కిటికీ కింద మంచం వేశారు. నేను పెరట్లోకి వెళ్ళగానే మరదలు మొహం చాటంత చేసుకుని, "చూశావా వదినా, దేవుడు మాకు పెరట్లోనే బావి ఇచ్చాడు!" అంది.

గట్టు అడుగునుంచి సన్నగా నీళ్ళు ఊరుతున్నాయి. ఊట కింద ప్లాస్టిక్ టబ్బు పెట్టింది. ఆ నీళ్ళతో గిన్నెలు తోముకుంటున్నారు, బట్టలు జాడిస్తున్నారు. మిగిలిన నీళ్ళు పారినచోట గోంగూర వేసింది, ఏపుగా పెరిగింది. కాస్త కోసి నా కొంగులో వేసింది కూడా. నేను తలెత్తి చూశాను. సరిగ్గా ఆ ఊట పైన, గట్టు మీద, మా తమ్ముడి పెద్దమ్మాయి చెట్టు.

"ఒక స్టీలు గ్లాసు ఇలా ఇవ్వవే" అన్నాను. నీళ్ళు పట్టి గోడ మీద పెట్టి, కాసేపయ్యాక ఒంపాను. గ్లాసు అడుగున గంధంలా మెత్తటి మట్టి.

నా ఉద్యోగమంతా గాయం మీది కట్టు కిందనుంచి కారేది ఏ రంగులో ఉందో చూడటమే. తేటగా కారితే మరీ భయపడక్కర్లేదు, కనిపెట్టుకుని ఉండాలి. రంగు మారితే మాత్రం లోపల ఏదో పాడవుతోందని అర్థం, డాక్టరుగారిని లేపాల్సిందే. ఆ మట్టి పెరటిది కాదు. మా గట్టు కడుపులోంచి కొంచెం కొంచెంగా గ్లాసులోకి వస్తోంది. వెనక గదిలో ఆ పిల్ల మంచం మీద అటు తిరిగి నిద్రపోతోంది, పొట్ట కిటికీ వైపుంది.

లీజుదారుకి ఫోన్ చేసి నీళ్ళు తగ్గించమన్నాను. "చేప చచ్చిపోద్దమ్మగారూ, పట్టుబడి అయ్యేదాకా ఆగండి. ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడొస్తుందా?" అన్నాడు. "గండి పడిన ప్రతి గట్టుకీ ముందు రోజు వరకూ లేదయ్యా" అన్నాను. ఫోన్ పెట్టేశాడు. తమ్ముడికి చేస్తే ఆదివారం ఆరాధన అయ్యాక వస్తానన్నాడు. మరదలితో కూతుర్ని ముందు గదిలోకి మార్చమంటే, "ముందు గదిలో మిషనుంది కదా వదినా, గుడ్డలు పెట్టుకోను చోటెక్కడ?" అంది. ఒక్కొక్కళ్ళకి ఒక్కో కారణం.

ఆదివారం గట్టు మీద పంచాయితీ. తమ్ముడు, మేనత్త, లీజుదారు, వాళ్ళకి తోడు పాస్టరుగారు. ఆయన్ని తమ్ముడే పిలిపించాడు, నాకు బుద్ధి చెప్పడానికి. నేను సంగతి చెప్పాను. చెరువు నీళ్ళు దించి, చేప ముందే పట్టేసి, పడమటి గట్టు మీద చెట్లన్నీ కొట్టి, వేళ్ళతో సహా తీసి, గట్టు మళ్ళీ కట్టాలన్నాను.

"నీకు మతి పోయిందా అక్కా! అవి మన పిల్లలు" అన్నాడు తమ్ముడు.

"పిల్లలెవరూ గట్టుకి బొక్కలు పెట్టరురా."

"నాన్న చేత్తో పెట్టినవి."

"నాన్న చేత్తో పెట్టింది గట్టు కూడా. అది పోతే?"

పాస్టరుగారు మెల్లగా, "ఫలమిచ్చే చెట్టుని నరకడం వాక్యానికి విరుద్ధమమ్మా" అన్నారు. నాకు ఆయనంటే గౌరవమే. కానీ ఊరుకుంటానా? "అయ్యగారూ, మొన్న ప్రసంగంలో మీరే చెప్పారు కదండీ, మేడ కట్టుకున్నవాడు పిట్టగోడ కట్టకపోతే, పైనుంచి పడినవాడి రక్తం ఆ ఇంటి మీదే ఉంటుందని. ఆ మేడ ఎవరిదో, ఈ గట్టు ఎవరిదో మీరే చెప్పండి" అన్నాను. ఆయన కిందనున్న ఇళ్ళ వైపు చూసి, టీ తాగుతారా అని ఎవరూ అడక్కుండానే, టీ తాగుదాం పదండి అన్నారు.

తమ్ముడు మాత్రం దిగలేదు. "చెరువులో సగం నాది. నేనొప్పుకోను" అన్నాడు.

"సరే. సగం నాది కూడా. ఏ సగం ఎవరిదో నాన్న గీత గియ్యలేదు. పడమటి సగం నాది, ఇవాళ్టినుంచి."

"ఎవరు చెప్పారు?"

"నేను చెప్తున్నాను. కాదంటే కోర్టుకెళ్ళు. తీర్పొచ్చేలోపు గట్టు కట్టేస్తాను."

తా పట్టిన కుందేటికి మూడే కాళ్ళంటుంది ఈవిడ అని తిట్టుకుంటూ బందరు వెళ్ళిపోయాడు. వెళ్ళనీ.

లీజుదారు నా మీద అలిగాడు గానీ, గ్లాసు అడుగు మట్టి చూపిస్తే వలలు తెప్పించాడు. చేప పట్టాక నీళ్ళు దింపాం. చెట్లు కొట్టేవాళ్ళు వచ్చిన రోజున మొదట మా అబ్బాయి చెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. ముందు నాది పోవాలి, అప్పుడే ఇంకోళ్ళది ముట్టుకునే హక్కు. గొడ్డలి దెబ్బ పడుతుంటే ఏడ్చాను. నాన్న ఆ మొక్క ముందు మోకరించింది కళ్ళ ముందు కనపడింది. ఏడుస్తూనే పక్క చెట్టు చూపించాను. మా అబ్బాయి బెజవాడ నుంచి ఫోన్ చేసి, "నా చెట్టు కొట్టించావటగా అమ్మా, నేను బాగానే ఉన్నాను, ఇప్పుడే బిర్యానీ తిన్నాను" అన్నాడు. వెధవ, ఏడుస్తున్నదాన్ని నవ్వించాడు.

తమ్ముడి పెద్దమ్మాయి చెట్టు దగ్గరికి వచ్చేసరికి మా మేనత్త చాప పరుచుకుని చెట్టు మొదట్లో కూర్చునుంది. "నన్ను నరికి దీన్ని నరుకు" అంది. చెట్లు కొట్టేవాళ్ళు గొడ్డళ్ళు కింద పెట్టేశారు. ఆవిడ ముందు నేను అరిచి లాభం లేదు, నాకు అరవడం నేర్పిందే ఆవిడ.

"సరే అత్తా, కూర్చో. కానీ ఇక్కడ కాదు. మరదలి ఇంటి వెనక గదిలో మంచం ఖాళీ చేయిస్తాను, అక్కడ పడుకో. ఈ ఏటి వానలు వెళ్ళేదాకా ఆ గదిలోనే ఉండు. నువ్వక్కడుంటే చెరువు మళ్ళీ నింపిస్తాను, ఈ చెట్టుని ముట్టుకోను. ఒట్టు" అన్నాను.

"ఉండలేననుకున్నావేంటే?" అని చాప చుట్టుకుని దిగింది. నేనూ వెనకే వెళ్ళాను. మంచం మీద పడుకుంది. ఆ కిటికీలోంచి ఆకాశం కనపడదు, గట్టే కనపడుతుంది. చెరువు దించినా గోడ అడుగున ఇంకా చెమ్మ. అత్త చెయ్యి చాపి గోడ తడిమింది. వేళ్ళు చూసుకుంది. పక్కన మరదలి కూతురు నడుం పట్టుకుని నిలబడి ఉంది, అత్తకి మంచమిచ్చి తనకి కూర్చోడానికి చోటు లేక. అత్త ఆ పిల్ల పొట్ట వైపు చూసింది. మా అమ్మది దివిసీమ. ఉప్పెనలో మిగిలిన మనిషి. నీళ్ళు తలుపు కొట్టి రావమ్మా అనేది. ఆ మాట నాకంటే ఎక్కువసార్లు విన్నది ఆవిడ ఆడపడుచు, ఈ అత్తే.

అత్త లేచింది. "కొట్టుకో. నాకు చెప్పకు, నేను చూడను" అంది. చాప అక్కడే మర్చిపోయి ఇంటికెళ్ళిపోయింది.

చెట్టు కొట్టాక పొక్లెయిన్ పెట్టి మొద్దు పెకలించాం. ఊళ్ళో అందరూ చేసే తప్పు అదే, పైన కొట్టేసి కింద వదిలేస్తారు. అప్పుడు మొద్దు కుళ్ళి, చెట్టున్ననాటికంటే పెద్ద ప్రమాదమవుతుంది. ఆ మొద్దు పక్కనే, నాన్న ఉన్నప్పుడు పిడుగు పడి చచ్చిన చెట్టు తాలూకు పాత మొద్దు బయటపడింది. దాని కింద బొక్కలో చెయ్యి పెడితే భుజం దాకా వెళ్ళింది. ఫొటో తీసి తమ్ముడికి పంపాను. "అది పందికొక్కు కన్నం" అని జవాబు. పందికొక్కుకి ఇల్లు కట్టించిందెవర్రా అని రాద్దామనుకుని, రాశాను కూడా.

గట్టు మళ్ళీ కట్టేటప్పుడు రోజూ అక్కడే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. మట్టి కుప్పగా పోసి పైపైన తొక్కి పోదామని చూస్తారు. కుదరదన్నాను. పాత గట్టుని మెట్లుగా కోసి, బంకమట్టి పలచగా పరిచి, కాస్త తడిపి, రోలరు తిప్పి, దాని మీద ఇంకో పొర. వాన నీళ్ళు గట్టు దాటకుండా ముందే బయటికి పోవడానికి పెద్ద పైపు వేయించి, మురుగుకాలవలోకి కలిపాను. పైన గరిక నాటించాను. మరదలి గోంగూర మడి పోయింది, ఊట ఆగిపోయింది. "నా బావి పూడ్చేశావు వదినా" అని మూతి ముడిచింది. "ఆ, పూడ్చాను. ఏం చేస్తావు?" అన్నాను.

తర్వాత వానలు పట్టాయి. వదలకుండా కురిసింది. చెరువు మళ్ళీ నిండింది, బోదె కాలవలు పొంగాయి, పైపు నిండా నీళ్ళు పోతున్నాయి. ఒక పగలంతా గొడుగేసుకుని గట్టు కింద తిరిగాను. మరదలి పెరట్లో గ్లాసు పట్టుకుని వంగి చూస్తే, పట్టడానికి చుక్క లేదు. నేల పొడిగా ఏం లేదు, వాన తడి ఉంది, అంతే. ఆ వానలోనే మరదలి కూతురికి నొప్పులొచ్చాయి. రోడ్డు మునిగి అంబులెన్సు ఊరి బయటే ఆగిపోయింది. ఇంక చేసేదేముంది? ఆ వెనక గదిలోనే, ఆ కిటికీ కిందే, నా చేతుల్లోకే వచ్చింది పిల్ల. ఏడుపు గట్టిగా ఉంది. కిటికీ అవతల నీళ్ళు మా అందరి తలలకంటే పైన ఉన్నాయి, ఉండాల్సిన చోటే ఉన్నాయి.

వాన వెలిశాక తమ్ముడు ఫోన్ చేశాడు. ఇన్నాళ్ళకి. "ఏమైంది అక్కా? ఏమీ కాలేదుగా! అనవసరంగా పిల్లల చెట్లన్నీ నరికించావు" అన్నాడు.

"అవున్రా. ఏమీ కాలేదు" అన్నాను. "దానికోసమే నరికించాను."

అర్థం కాలేదనుకుంటా. మళ్ళీ మాటలు మానేశాడు. గట్టు పడిపోయి ఉంటే నన్ను తలకెత్తుకునేవాడు, అక్క ముందే చెప్పిందని ఊరంతా చెప్పేవాడు. నిలబడింది కాబట్టి నేను పిచ్చిదాన్ని. సరే, పిచ్చిదాన్నే. ఆ పేరు నాకు బాగానే ఉంది.

నెల తిరక్కుండా ఒక పొద్దున గట్టు మీద గరిక చూసుకుంటుంటే, మరదలు పొత్తిళ్ళలో మనవరాలితో ఎక్కి వచ్చింది. వెనక మా మేనత్త. అత్త చేతిలో మొలకెత్తిన కొబ్బరికాయ, చీర కొంగులో మూటగట్టిన బొడ్డుతాడు.

"నీ చేతుల్లో పుట్టింది వదినా, మీ నాన్నగారు పెట్టినట్టు నువ్వే పెట్టాలి" అంది మరదలు, కొత్త మట్టి వైపు చూపిస్తూ. "ఇక్కడైతే మెత్తగా ఉంది."

నా నోరు ఆగలేదు. "గట్టు మీద మొక్క పెట్టారంటే కాళ్ళు విరగ్గొడతాను! ముసల్దానివి అత్తా, నీకూ బుద్ధి లేదా? దిగండి ఇద్దరూ!"

దిగారు. నేనూ దిగాను. మరదలి ఇంటి ముందు, వీధి వైపు, గట్టుకి దూరంగా గొయ్యి తవ్వాను. బొడ్డుతాడు పాతాను, కొబ్బరి మొక్క పెట్టాను. మోకాళ్ళ మీద నిలబడ్డాను, నాన్నలాగే. అత్త నీళ్ళు పోస్తూ, "ఇక్కడ గాలికి పడితే ఇంటి మీద పడదూ?" అంది.

"ఇంకొంచెం అటు జరుపుదాం" అని, మొక్క పీకి, మళ్ళీ తవ్వాను.